లెక్క దాచినవాడే పనిమంతుడు

నిర్మల్ పేరు వినగానే పొనికి చెక్క బొమ్మలు, నకాషీ పనివాళ్ల రంగులు గుర్తుకొస్తాయి. ఆ గౌరవం వాటికి దక్కవలసిందే. అయితే ఈ గడ్డకు ఇనుముతోనూ అంత పాత చుట్టరికమే ఉంది. ఇవాళ అది రేకుల షెడ్లలో, వెల్డింగ్ దుకాణాల్లో కొనసాగుతోంది. బావి దగ్గర మోటారు స్టార్టర్ డబ్బా, ఇంట్లో బీరువా, ఎండాకాలం కూలర్ బాడీ, ట్రాక్టర్ ట్రాలీ పక్క రేకులు, ఇనుప దర్వాజా చౌకట్టు... ఏది చూసినా ఎవరో ఒకరు రేకును కొలిచి, వంచి, మూల కుదిర్చినదే.

ఆ వంచే పనిలో ఎవరి కంటా పడని ఒక భాగం గురించి ఈ వ్యాసం. ప్రెస్ బ్రేక్ అనే బెండింగ్ మిషన్‌కు ఒక కంట్రోలర్ ఉంటుంది. అందులో వందల కొద్దీ అంకెలుంటాయి. వాటిని కుదర్చడం, మార్చినప్పుడు రాసిపెట్టడం, నకలు తీసి భద్రపరచడం, మిషన్ మొరాయించిన రోజున మళ్లీ ఎక్కించి పని నడిపించడం ఆపరేటర్ బాధ్యత. డబ్బా మూలలు చక్కగా కలిశాయని మెచ్చుకునేవాళ్లు చాలామంది దొరుకుతారు. ఆ మూలల వెనుక లెక్కను దాచిపెట్టినవాణ్ని మెచ్చుకునేవాళ్లు అరుదు. నా మటుకు నాకు అసలు పనితనం అక్కడే కనిపిస్తుంది.

వంపు అంతా లోతులోనే

ప్రెస్ బ్రేక్ చేసే పని చెప్పుకోవడానికి చిన్నదే. కింద వి ఆకారపు గాడి ఉన్న డై, పైన పంచ్, మధ్యలో రేకు. రెండు చివర్లా ఉన్న సిలిండర్లు తోస్తే పై బీమ్ దిగి పంచ్‌తో రేకును గాడిలోకి నొక్కుతుంది, మడత పడుతుంది. రేకు లోపలికి ఎంత వెళ్లాలో వెనుకనున్న బ్యాక్ గేజ్ ఆపుతుంది. ఇప్పటి మిషన్లలో రేకును గాడి అడుగుదాకా నొక్కి అదమడం తక్కువ. పంచ్ మధ్యలోనే ఆగిపోతుంది. రేకు డై రెండు అంచుల మీదా, పంచ్ కొన మీదా మాత్రమే ఆనుకుని ఉంటుంది. కాబట్టి మడత ఎన్ని డిగ్రీలు రావాలన్నది పంచ్ ఎంత లోతుకు దిగిందన్న దాని మీదే ఆధారపడుతుంది.

ఆ లోతు ఎంత సున్నితమైనదో ఒక లెక్క చూస్తే తెలుస్తుంది. 16 గేజ్ సీఆర్ (కోల్డ్ రోల్డ్) రేకు, అంటే సుమారు 1.6 మిల్లీమీటర్ల మందం, 12 మిల్లీమీటర్ల గాడి మీద 90 డిగ్రీలకు మడుస్తున్నామనుకుందాం. అక్కడ పంచ్ మిల్లీమీటరులో పదో వంతు ఎక్కువ దిగితే కోణం సుమారు ఒక డిగ్రీ మారిపోతుంది. ఒక్క డిగ్రీయే కదా అని వదిలేస్తే, 100 మిల్లీమీటర్ల పక్క అంచు చివరికొచ్చేసరికి మిల్లీమీటరున్నర దాటి పక్కకు జరుగుతుంది. మూత కూర్చోదు. వెల్డింగ్ చేసేవాడు సందు పూడ్చడానికి తిప్పలు పడతాడు. గ్రైండర్ పట్టినవాడు అరగంట అదనంగా అరగదీస్తాడు. ముందు జరిగిన పదో వంతు పొరపాటుకు వెనక ఇద్దరు కూలి కడతారు.

దీనికి తోడు ఉక్కుకు తన స్వభావం తనకుంది. నొక్కుడు వదలగానే కొద్దిగా వెనక్కి తెర్చుకుంటుంది. మామూలు ఇనుప రేకు ఒక డిగ్రీ దగ్గర్లో, స్టెయిన్‌లెస్ స్టీలు రెండు మూడు డిగ్రీలు తెర్చుకోవచ్చు. 90 రావాలంటే 89 దాకానో 87 దాకానో వంచి వదలాలి. రేకును రోలింగ్ చేసిన దిశకు అడ్డంగా మడిస్తే ఒక తీరు, నిలువుగా మడిస్తే ఒక తీరు. పైగా ఒకే 16 గేజ్ అని కొన్న రేకు లాటు లాటుకూ మందంలో కొంచెం తేడా వస్తుంది. మందం మిల్లీమీటరులో 5 వందో వంతులు తగ్గినా కోణం అర డిగ్రీ, అంతకు మించి తేడా చూపుతుంది.

అందుకే షెడ్డులో ఉదయం పూట వినబడే మాట ఒకటుంది. “అన్నా, నిన్నటి ప్రోగ్రామే పెట్టిన. ఇయ్యాల మూల తెర్చుకుంటున్నది” అంటాడు హెల్పర్. “రేకు మందం చూసినవా? కొత్త లాటు గావచ్చు” అంటాడు ఆపరేటర్. ఆ జవాబులో ఎన్నో ఏళ్ల పని ఉంది. అంకె తప్పని అనుకునే ముందు రేకును అనుమానించాలని అతనికి తెలుసు. వెర్నియర్ పెట్టి మందం చూశాకే కంట్రోలర్ మీద వేలు పెడతాడు.

ఒక డబ్బాను దగ్గరగా చూస్తే

స్టార్టర్ డబ్బా అడుగు భాగాన్నే తీసుకుందాం. అడుగు 200 మిల్లీమీటర్లు, రెండు పక్కలు చెరి 100. బయటి కొలతలు కూడితే 400. కొత్తగా చేరినవాడు 400కే రేకు కత్తిరిస్తాడు. మడిచాక డబ్బా పెద్దదవుతుంది. ఎందుకంటే మడత దగ్గర రేకు పదునైన మూలగా విరగదు, గుండ్రంగా తిరుగుతుంది. ఆ తిరుగుడులో లోపలి ముఖం నొక్కుకుంటుంది, బయటి ముఖం సాగుతుంది. గుండ్రం లోపలి వ్యాసార్ధం దాదాపు గాడి వెడల్పులో ఆరో వంతు ఉంటుంది. 12 గాడికి సుమారు 2 మిల్లీమీటర్లు. ఆ లెక్కన ఒక్కో 90 డిగ్రీల మడతకు దాదాపు 3 మిల్లీమీటర్లు తగ్గించాలి. రెండు మడతలకు 6. అంటే 394 దగ్గర కత్తిరించాలి.

ఇప్పుడు అదే రేకును ఆ రోజు తీరిక లేక 16 గాడి మీద మడిచారనుకోండి. గుండ్రం పెద్దదవుతుంది. మడతకు తగ్గింపు 3.0 కాదు, సుమారు 3.2 అవుతుంది. రెండు మడతలకు తేడా అర మిల్లీమీటరు లోపే కదా అనిపిస్తుంది. నాలుగు వైపులా, అంచు మడతలతో కలిపి ఎనిమిది మడతలున్న డబ్బాలో తేడాలన్నీ కూడితే ఒకటిన్నర మిల్లీమీటరు దాటుతుంది. తలుపు పట్టదు. పైగా కంట్రోలర్ 12 గాడి అనుకుని లెక్కగట్టిన లోతుకు పంచ్ దిగితే, 16 గాడిలో మడత సరిగ్గా మూయకుండా తెర్చుకునే ఉంటుంది.

మంచి ఆపరేటర్ పుస్తకంలో ఈ డబ్బాకు ఒక పేజీ ఉంటుంది. రేకు ఏది, గేజ్ ఎంత, వెర్నియర్‌తో చూసిన అసలు మందం ఎంత, గాడి ఎంత, పంచ్ ఏది, మడతకు తగ్గింపు ఎంత, ఎడమ సిలిండర్‌కు దిద్దుబాటు ఎంత, కుడి సిలిండర్‌కు ఎంత, మడతల వరుస ఏది. కింద తేదీ. ముక్క వంచి మూలమట్టం పెట్టి చూసి, ప్రొట్రాక్టర్‌తో రెండు చివర్లూ మధ్యా కొలిచి, ఆ తర్వాతే అంకె వేస్తాడు. చివర్లలో 90 వచ్చి మధ్యలో 91 వస్తే నొక్కుడు ఒత్తిడికి బీమ్ మధ్యలో వంగుతోందని అర్థం. అప్పుడు బెడ్ మధ్యభాగాన్ని కొద్దిగా పైకి లేపే క్రౌనింగ్ సర్దుతాడు. ఎడమ చివర 90, కుడి చివర 89 వస్తే రెండు సిలిండర్లలో ఒకటి ఎక్కువ దిగుతోంది. అప్పుడు సర్దవలసింది వేరే అంకె. తప్పు ఏ అంకెలో ఉందో గుర్తుపట్టడమే సగం విద్య. అది తెలియనివాడు ఒకదానికి బదులు ఇంకోటి మార్చి, ఇవాళ్టి ముక్క బాగుచేసి, రేపటి వంద ముక్కలు పాడుచేస్తాడు.

కంట్రోలర్ పొట్టలో ఏముంది

ఈ మిషన్లకు వాడే కంట్రోలర్లలో నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్‌కు చెందిన డెలెం, స్విట్జర్లాండ్‌కు చెందిన సైబెలెక్, ఇటలీకి చెందిన ఈఎస్ఏ పేర్లు మన షెడ్లలోనూ తరచూ వినబడతాయి. తెరలు వేరు, బొమ్మలు వేరు. లోపల దాచుకునేది మాత్రం అన్నిట్లోనూ దాదాపు ఒకటే. దాన్ని పొరలు పొరలుగా చూస్తే ఏది ఎంత విలువైనదో తేలుతుంది.

పై పొరలో ప్రోగ్రాములుంటాయి. ఏ డబ్బాకు ఎన్ని మడతలు, ఏ వరుసలో, బ్యాక్ గేజ్ ఎక్కడ, కోణం ఎంత అన్నవి. పోతే మళ్లీ రాసుకోవచ్చు. పని ఒక పూట ఆగుతుంది.

దాని కింద పనిముట్ల పొర. ప్రతి పంచ్ ఎత్తు, కొన గుండ్రం, కోణం, మీటరుకు ఎన్ని టన్నులు మోయగలదు. ప్రతి డై గాడి వెడల్పు, ఎత్తు, అంచు గుండ్రం. ఇందులో పొరపాటు జరిగితే ప్రమాదం. పంచ్ అసలు ఎత్తు కంటే ఒక మిల్లీమీటరు తక్కువని కంట్రోలర్ నమ్మితే, బీమ్ ఒక మిల్లీమీటరు ఎక్కువ దిగుతుంది. సన్న గాడిలో అది పది డిగ్రీల దాకా తేడా. ఇంకా దిగితే పంచ్, డై ఒకదాన్నొకటి నలుపుకుంటాయి. కొన అరిగిన పంచ్‌ను గ్రైండింగ్‌కు పంపి తెచ్చాక దాని ఎత్తు తగ్గుతుంది. తెచ్చినరోజే కొలిచి కంట్రోలర్‌లో కొత్త ఎత్తు వేసేవాడు పనిమంతుడు. 1.6 రేకును 12 గాడి మీద మడవడానికి మీటరు పొడవుకు సుమారు 14 టన్నులు పడుతుంది. సన్న కొన పంచ్ అంత మోస్తుందో లేదో చెప్పేది ఈ పట్టికే.

మూడోది లోహాల పొర. ఏ లోహం ఎంత గట్టిది, ఎంత తెర్చుకుంటుంది, మడతకు ఎంత తగ్గించాలి. కంపెనీ ఇచ్చిన అంకెలతో మొదలవుతుంది. ఆపరేటర్ దిద్దిన అంకెలతో నిండుతుంది. కొన్ని కంట్రోలర్లు చేసిన ప్రతి దిద్దుబాటునూ ఒక పట్టికలో చేర్చుకుంటూ పోతాయి. మళ్లీ అదే రేకు, అదే మందం, అదే గాడి వచ్చినప్పుడు పాత దిద్దుబాటును ముందుకు తెస్తాయి. ఏళ్ల తరబడి మడిచిన రేకుల అనుభవం అంతా ఆ పట్టికలో చేరి ఉంటుంది. దాన్ని డబ్బు పెట్టి కొనలేం.

అన్నిటికన్నా అడుగున మిషన్ పారామీటర్లు. బీమ్ ఎత్తును కొలిచే స్కేలు లెక్క, సిలిండర్ల మొదటి స్థానం, రెండు వైపుల మధ్య ఎంత తేడాను భరించాలి, వాల్వులు ఎంత వేగంగా స్పందించాలి, వేగంగా దిగే బీమ్ ఎక్కడ నెమ్మదించాలి, బ్యాక్ గేజ్ ఎంతవరకు పోవచ్చు. ఇవి మిషన్ పుట్టినప్పుడు అమర్చిన అంకెలు. ఒకే మోడల్ మిషన్లు రెండు పక్కపక్కన నిలబెట్టినా రెండింటికీ ఇవి ఒకటి కావు. అందుకే తయారీదారు వీటికి పాస్‌వర్డ్ తాళం వేస్తాడు. ఇవి పోయిన రోజున మిషన్ ఉన్నా లేనట్టే. సర్వీస్ ఇంజనీర్ వచ్చి కొలిచి కుదిర్చేదాకా షెడ్డు మూత పడ్డట్టే.

పాత కంట్రోలర్లలో ఈ అంకెలు ఒక చిన్న బ్యాటరీ ఇచ్చే కరెంటు మీద నిలిచి ఉండేవి. బ్యాటరీ అయిపోతే జ్ఞాపకం తుడిచిపెట్టుకుపోయేది. అందుకే అలాంటి మిషన్లకు కరెంటు ఆన్‌లో ఉండగానే బ్యాటరీ మార్చాలని నేర్పేవారు. కొత్తవాటిలో మెమరీ కార్డులు వచ్చాయి. వాటికీ ఆయుష్షు ఉంటుంది. వోల్టేజీ ఎగసిపడే చోట, సేవ్ అవుతుండగా కరెంటు పోయే చోట, గ్రైండర్ ధూళి యూఎస్బీ సందులో చేరే చోట అవి ముందే దెబ్బతింటాయి. మన షెడ్లలో ఈ మూడూ ఉన్నాయి.

దిమ్మదుర్తి ఇసుక, కోనసముద్రం మూస

అంకెలు దాచకపోతే ఏమవుతుందో చెప్పడానికి ఈ ప్రాంతానికి వేరే ఊరి ఉదాహరణ అక్కర్లేదు. గోదావరికి దక్షిణాన, నిజామాబాద్ జిల్లాలో కోనసముద్రం ఉంది. ప్రపంచం వూట్జ్ అని పిలిచే మూస ఉక్కు అక్కడ తయారయ్యేది. దాని ముడి ఇనుములో కొంత నిర్మల్‌కు తూర్పునున్న దిమ్మదుర్తి వైపు దొరికే నల్ల ఇసుక లాంటి అయస్కాంత ఖనిజం నుంచి వచ్చేది. ఆ ఉక్కు పర్షియా దాకా వెళ్లి కత్తులయ్యేది. నీటి అలల్లాంటి గీతలతో డమాస్కస్ కత్తులుగా పేరు మోసినవాటికి మూలం ఇలాంటి భారతీయ ఉక్కే.

లాంబ్టన్ నడిపిన మహా త్రికోణమితీయ సర్వేలో వైద్యుడుగా, భూగర్భ శాస్త్రజ్ఞుడుగా పనిచేసిన హెన్రీ వెస్లీ వాయ్సీ 1820ల మొదట్లో ఆ పనిని కళ్లారా చూసి రాసుకున్నాడు. ఆయన 1824లో చనిపోయాడు. ఆ రాత 1832లో బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది. రెండు చోట్ల నుంచి తెచ్చిన ఇనుములను మూడు పాళ్లు, రెండు పాళ్లుగా కలిపేవారని, కొంచెం గాజు వేసి మూసలో పెట్టేవారని, 24 గంటలు తిత్తులతో మంట ఊదేవారని, చల్లారాక వచ్చిన ఉక్కు ముద్దకు మట్టి పూసి మళ్లీ గంటల కొద్దీ కాల్చి మెత్తబరిచేవారని ఆయన నమోదు చేశాడు. ఇస్ఫహాన్ నుంచి వచ్చిన ఒక వ్యాపారి అక్కడే మకాం వేసి పాళ్లు తూచడం, కరగడం దగ్గరుండి చూసుకునేవాడు. ఈ ఉక్కును తమ దేశంలో చేద్దామని పర్షియా వాళ్లు ప్రయత్నించి విఫలమయ్యారని కూడా వాయ్సీ రాశాడు.

మూడు పాళ్లు, రెండు పాళ్లు, 24 గంటలు. ఇవి ఆ కమ్మరుల సెట్టింగులు. ఏ తరం వాడు ఎన్ని మూసలు పగలగొట్టుకుని అక్కడికి చేరాడో మనకు ఆధారం లేదు. అవి చేతి నుంచి చేతికే వెళ్లాయి. పందొమ్మిదో శతాబ్దం గడిచేసరికి ఆ కొలుములు ఆరిపోవడంతో లెక్కలూ వాటితోనే పోయాయి. కాగితం మీద మిగిలింది వాయ్సీ లాంటి బాటసారులు రాసుకున్న కొద్ది పేజీలు. 1990లలో అమెరికాలో లోహ శాస్త్రవేత్త జాన్ వెర్హోవెన్, కమ్మరి ఆల్‌ఫ్రెడ్ పెండ్రే కలిసి ఏళ్ల తరబడి పరిశోధించాక, ఖనిజంలో లేశమాత్రంగా ఉన్న వనేడియం వంటి మూలకాల వల్లే ఆ గీతలు వచ్చేవని చూపించారు. 2010లో బెంగళూరులోని జాతీయ ఉన్నత అధ్యయన సంస్థ, ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయం కలిసి ఉత్తర తెలంగాణ ఊళ్లలో తిరిగి చిట్టెం కుప్పలను, కొలిమి ఆనవాళ్లను నమోదు చేశాయి. ఒకప్పుడు ఒక కమ్మరికి నోటి లెక్కగా తెలిసినదాన్ని దాదాపు రెండు వందల ఏళ్ల తర్వాత చిట్టెం కుప్పల్లో వెతకవలసి వచ్చింది.

ఆ కమ్మరులను తప్పుపట్టలేం. వాళ్ల దగ్గర రాసుకునే సాధనం, రాయవలసిన అవసరం రెండూ ఉండి ఉండకపోవచ్చు. మన దగ్గర రెండూ ఉన్నాయి. నాలుగు మీటలు నొక్కితే పదేళ్ల పని అంతా గోరంత పెన్‌డ్రైవ్‌లో కూర్చుంటుంది. అయినా తీయకపోతే తప్పు మనదే.

నకలు తీసే తీరు

పని తెలిసిన ఆపరేటర్ నకలు తీయడానికి ఒక క్రమం ఉంటుంది. ఆ క్రమం చూస్తే నాకు ముచ్చటేస్తుంది.

మొదట, మిషన్‌కు ఒక పెన్‌డ్రైవ్‌ను విడిగా పెడతాడు. పాటలకు, పెళ్లి ఫోటోలకు తిరిగిన పెన్‌డ్రైవ్‌ను కంట్రోలర్ దగ్గరికి రానివ్వడు. కొన్ని కంట్రోలర్లు లోపల విండోస్ మీదే నడుస్తాయి. కంప్యూటర్ సెంటర్‌లో అంటుకున్న వైరస్ వాటికీ అంటవచ్చు.

తర్వాత ఫోల్డర్‌కు పేరు. “బ్యాకప్”, “కొత్త బ్యాకప్”, “అసలు కొత్త బ్యాకప్” అని పెట్టుకుంటూ పోతే ఏడాది తర్వాత ఏది ఏదో తీసినవాడికే తెలియదు. మిషన్ పేరు, సీరియల్ నంబరు, కంట్రోలర్ సాఫ్ట్‌వేర్ వెర్షన్, సంవత్సరం, నెల, తేదీ. సంవత్సరం ముందు పెడితే ఫోల్డర్లు వాటంతటవే వరుసలో కూర్చుంటాయి. వెర్షన్ ఎందుకంటే, కొత్త సాఫ్ట్‌వేర్‌లో తీసిన నకలును పాతది చదవకపోవచ్చు.

ఆ తర్వాత పొరలవారీగా తీయడం. కంట్రోలర్‌లో ప్రోగ్రాములకు ఒక మీట, పనిముట్లకు ఒక మీట, పట్టికలకు ఒక మీట ఉంటాయి. చాలామంది ప్రోగ్రాములు తీసి అన్నీ తీశామనుకుంటారు. అడుగు పొరలు అలాగే మిగిలిపోతాయి. మిషన్ పారామీటర్లకు పాస్‌వర్డ్ కావాలి. మిషన్ బిగించిన రోజునే, సర్వీస్ ఇంజనీర్ ఇంకా షెడ్డులో ఉండగానే, ఆ ఫైలు ఒకటి అడిగి తీసుకోవాలి. ఇవ్వడానికి వీలు లేదంటే తెర మీద ఒక్కో పేజీ తెరిపించి ఫోటో తీసుకోవాలి. అతను బండెక్కి వెళ్లిపోయాక అడిగితే పది రోజులు పట్టే పని ఆ రోజు పది నిమిషాల్లో అయిపోతుంది.

ఏదైనా అంకె మార్చబోయే ముందు నకలు, మార్చాక పని కుదిరిందని తేలాక ఇంకో నకలు. పుస్తకంలో పాత అంకె కొట్టివేయకుండా పక్కన కొత్త అంకె, మార్చిన కారణం, మార్చినవాడి పేరు. పాత అంకె చదవడానికి వీలుగా మిగలడం ముఖ్యం. మార్పు తప్పని తేలితే వెనక్కి పోవడానికి అదే దారి.

నకళ్లు ఎన్ని ఉండాలి? కంప్యూటర్ల వాళ్లు చెప్పే నియమం షెడ్డుకూ సరిపోతుంది. మూడు ప్రతులు, రెండు రకాల సాధనాల మీద, ఒకటి షెడ్డు బయట. పెన్‌డ్రైవ్ మీద ఒకటి, ఆఫీసు కంప్యూటర్‌లో ఒకటి, యజమాని ఇంట్లోనో ఇంటర్నెట్ నిల్వలోనో ఒకటి. షెడ్డులో వాననీళ్లు వచ్చినా, మంటలు లేచినా, దొంగలు పడినా మూడోది మిగులుతుంది. ప్రోగ్రాములు, పట్టికలు చాలా చిన్న ఫైళ్లు. ఏళ్ల నకళ్లన్నీ దాచినా చోటుకు కరువుండదు. కాబట్టి పాతదాని మీద కొత్తది రాయనక్కర్లేదు. పోయిన నెల మంచిగా ఉన్న అంకె ఈ నెల పాడైందని ఆలస్యంగా తెలిస్తే, పోయిన నెల నకలే ఆదుకుంటుంది.

కరెంటు సంగతీ ఇందులో భాగమే. కంట్రోలర్‌కు చిన్న యూపీఎస్ పెట్టి, కరెంటు పోతే సేవ్ చేసి ఆపడానికి సరిపడా నిమిషాలు సంపాదించుకోవడం ఆపరేటర్ అడగవలసిన హక్కు, యజమాని ఇవ్వవలసిన సౌకర్యం.

తిరిగి ఎక్కించడంలోనే పరీక్ష

తీసిన నకలు మంచిదో కాదో ఎక్కించి చూస్తేనే తేలుతుంది. తెరుచుకోని ఫైలు పది చోట్ల దాచినా ఉపయోగం లేదు. కంట్రోలర్ కంపెనీలు ఆఫీసు కంప్యూటర్ మీద నడిచే సాఫ్ట్‌వేర్ ఇస్తాయి. ప్రోగ్రాములను, పనిముట్లను అందులో తెరిచి చూడవచ్చు. పని లేని ఆదివారం ఒకసారి అలా తెరిచి, నాలుగు ప్రోగ్రాములు, నాలుగు పంచ్‌ల ఎత్తులు పుస్తకంతో పోల్చి చూసుకునేవాడికి ఆపద రోజున చేయి వణకదు.

నిజంగా ఎక్కించవలసిన రోజున పద్ధతి ఇంకా నిదానంగా ఉంటుంది. ముందుగా ఇది ఈ మిషన్ నకలేనా అని సీరియల్ నంబరు చూస్తాడు. పక్క మిషన్ పారామీటర్లు ఎక్కిస్తే రెండు సిలిండర్లు వంకరగా దిగే ప్రమాదం ఉంది. ఎక్కించాక రేకు లేకుండా, పంచ్ కూడా విప్పి, రిఫరెన్స్ తీస్తాడు, అంటే సిలిండర్ల మొదటి స్థానాన్ని మిషన్ చేత మళ్లీ వెతికిస్తాడు. బీమ్ నెమ్మదిగా దిగుతుంటే రెండు వైపులా సమంగా ఉందా అని గమనిస్తాడు. బ్యాక్ గేజ్‌ను ఒక కొలతకు పంపి స్కేలుతో చూస్తాడు.

ఆ తర్వాత భద్రత. వేగంగా దిగే బీమ్ ఎక్కడ నెమ్మదిస్తుందో చెప్పే అంకె మారిపోయి ఉంటే ఆపరేటర్ వేళ్లకే ముప్పు. ప్రెస్ బ్రేకుల భద్రతకు యూరప్‌లో అనుసరించే ప్రమాణం ఈఎన్ 12622. దాని ప్రకారం లేజర్ రక్షణ లాంటివి లేని చోట బీమ్ మూసుకునే వేగం సెకనుకు 10 మిల్లీమీటర్లు దాటకూడదు. నకలు ఎక్కించాక ఎమర్జెన్సీ స్టాప్, పెడల్, లేజర్ గార్డ్ ఒక్కోటి పనిచేస్తున్నాయా అని చూడకుండా రేకు పెట్టనివాణ్ని నేను నిజమైన పనిమంతుడంటాను. యజమాని తొందరపెట్టినా అతను తొందరపడడు.

చివరగా ఒక తుక్కు ముక్క. అదే 16 గేజ్, అదే 12 గాడి, అదే 90. మడిచి, కొలిచి, పుస్తకంలో పాత పేజీ పక్కన పెట్టి చూస్తాడు. అర డిగ్రీలో కలిస్తే మిషన్‌కు జ్ఞాపకం తిరిగొచ్చినట్టే. సాయంత్రానికి డబ్బాలు వరుసలో నిలబడతాయి. తీసుకెళ్లే రైతుకు ఆ రోజు ఏం జరిగిందో తెలియదు, తెలియనక్కర్లేదు కూడా. పని చేసినవాడికి, చేయించినవాడికి మాత్రం తెలిసి ఉండాలి.

లెక్క ఎవరి సొత్తు

ఇక్కడ యజమానులకు ఒక మాట. మీ మిషన్ ధర బిల్లులో ఉంది. దానిలో చేరిన దిద్దుబాట్ల విలువ ఏ బిల్లులోనూ లేదు. అది మీ ఆపరేటర్ పాడుచేసిన ముక్కల నుంచి, రాత్రి పొద్దుపోయేదాకా కొలిచిన మూలల నుంచి వచ్చింది. ఆ మనిషి రేపు హైదరాబాద్‌లో జీడిమెట్లకో, గల్ఫ్‌కో వెళ్లిపోతే పుస్తకంలో, నకలులో రాయించుకున్నది మాత్రమే మీకు మిగులుతుంది. కాబట్టి రాసే సమయాన్ని పని సమయంగానే లెక్కకట్టండి. దిద్దుబాటు పట్టిక నింపినవాడికి జీతంలో ఆ గుర్తింపు కనబడాలి. రాసి ఇస్తే నా అవసరం తీరిపోతుందేమో అన్న భయం పనివాడికి ఉన్నంతకాలం అతను నోటి లెక్కనే నమ్ముకుంటాడు. ఆ భయం తీర్చవలసినది మీరే.

మన ఐటీఐలలో పిల్లలకు రేకు కొలవడం, కత్తిరించడం, వెల్డింగ్ నేర్పుతున్నారు. దానితోపాటు దిద్దుబాటు పుస్తకం రాయడం, కంట్రోలర్ నకలు తీసి తిరిగి ఎక్కించడం కూడా ఒక పాఠంగా, పరీక్షలో మార్కులున్న పాఠంగా పెట్టాలి. ఇందుకు ఖరీదైన మిషన్ ఉండి తీరాలని లేదు. కంప్యూటర్ మీద నడిచే సాఫ్ట్‌వేర్, ఒక పాత చేతి ఫోల్డింగ్ మిషన్, ఒక వెర్నియర్, ఒక నోటుపుస్తకం చాలు మొదలుపెట్టడానికి.

కోనసముద్రం కమ్మరుల పేర్లు మనకు దాదాపు మిగల్లేదనే చెప్పాలి. ఇప్పటి పనివాళ్ల విషయంలో అలా జరగకూడదు. ఈ వారం మీ షెడ్డులో మిషన్ ఆపే ముందు ఒక నకలు తీయించండి, దాని మీద తేదీతో పాటు ఆ అంకెలు కుదిర్చినవాడి పేరు కూడా రాయించండి.